నెదర్‌కు తొలి ప్రయాణం: పోర్టల్ వెలిగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మైన్‌క్రాఫ్ట్ ఆడేవారికి నెదర్ అనే నిప్పులు చెరిగే మరో లోకంలోకి వెళ్ళడం ఆటలో తొలి పెద్ద సాహసం. వారాల తరబడి కూడబెట్టుకున్న వజ్రాల కవచం, పికాక్స్, విల్లు అన్నీ ఒక్క తప్పటడుగుతో లావాలో పడి బూడిదయ్యే చోటు అది. 2010 అక్టోబరు చివర్లో, ఆట ఇంకా ఆల్ఫా దశలో ఉండగానే చేరిన ఆ లోకానికి ఇప్పటికీ ప్రధానమైన దారి ఒకటే. అబ్సిడియన్ అనే నల్లని గట్టి రాతితో ద్వారబంధం నిలిపి, దాని లోపల నిప్పు పెట్టాలి. నిప్పు పెట్టినా ఊదారంగు తెర పరుచుకోకపోతే చాలామంది ఆట పాడైందనుకుని వరల్డ్‌ను మూసి తెరుస్తారు, లేదా కట్టినదంతా పగలగొట్టి మొదటి నుంచి కడతారు. ఆ రెండూ అక్కరలేదు. కారణం దాదాపు ఎప్పుడూ ఆ ద్వారబంధంలోనే, ఏదో ఒక్క బ్లాక్‌లో ఉంటుంది. ఇవతల వెలగని పోర్టల్ కాస్త విసుగు మాత్రమే తెప్పిస్తుంది. అదే పోర్టల్ అవతల ఆరిపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. కనుక పోర్టల్ ఎందుకు వెలుగుతుందో, ఎందుకు వెలగదో బయలుదేరక ముందే పూర్తిగా తెలుసుకోవడం మంచిదని నా గట్టి నమ్మకం.

ముందు కొలత సంగతి చూద్దాం. బయటి నుంచి చూస్తే ద్వారబంధం కనీసం 4 బ్లాకుల వెడల్పు, 5 బ్లాకుల ఎత్తు ఉండాలి. అప్పుడు లోపల 2 బ్లాకుల వెడల్పు, 3 బ్లాకుల ఎత్తు ఖాళీ వస్తుంది. గరిష్ఠంగా వెడల్పైనా ఎత్తైనా 23 బ్లాకుల వరకు పెంచుకోవచ్చు. నాలుగు మూలలూ నింపితే 14 అబ్సిడియన్ బ్లాకులు పడతాయి. మూలలు వదిలేసినా, అక్కడ మట్టో రాయో పెట్టినా ఆట పట్టించుకోదు కాబట్టి 10 బ్లాకులతో పని జరుగుతుంది. అయితే గడప విషయంలో చాలామంది పొరబడతారు. కింద నేల ఉంది కదా అని నిలువు కమ్ములను, పైన అడ్డకమ్మిని మాత్రమే అబ్సిడియన్‌తో కట్టి, గడపకు గడ్డినేలనే వదిలేస్తారు. గడపలోని రెండు బ్లాకులు కూడా అబ్సిడియనే అయి తీరాలి. గడపను నేలలోకి దించి కట్టేవారు ఎత్తును నేల మీది నుంచి లెక్కపెట్టి ఒక బ్లాక్ తక్కువగానో ఎక్కువగానో కడతారు, అప్పుడు అడ్డకమ్మి నిలువులతో కలవదు. అందువల్ల బయటి కొలతను కాక లోపలి ఖాళీని లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. అడ్డంగా రెండు, నిలువుగా మూడు ఖాళీలు ఉండి, వాటిని ఆనుకుని నాలుగు వైపులా అబ్సిడియన్ ఉంటే కొలత సరిపోయినట్టే. ద్వారబంధం నిలువుగానే ఉండాలన్నది కూడా మరవకండి. నేల మీద బావి గట్టులా పరిచి కట్టిన నెదర్ పోర్టల్ వెలగదు.

ఈ వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మామయ్యా, నిప్పు అంటుకుంటోంది గానీ తలుపు తెరుచుకోవడం లేదు" అన్నాడు. చూస్తే కొండవాలులో ద్వారబంధం చక్కగా నిలబెట్టాడు, లెక్క కూడా సరిగ్గానే ఉంది. అడ్డకమ్మి దగ్గరికి వెళ్ళి చూసినప్పుడు మాత్రం ఎడమవైపు బ్లాక్ మిగతావాటిలా నల్లగా లేదు. దానిలో ఊదారంగు చారలు మెరుస్తున్నాయి, అడుగు నుంచి అదే రంగు చుక్కలు కారుతున్నాయి. శిథిల పోర్టల్ దగ్గర దొరికిందని, పోర్టల్‌లాగే మెరుస్తోంది కాబట్టి ఇదే సరైనదనుకున్నానని చెప్పాడు. అది క్రయింగ్ అబ్సిడియన్. 2020లో వచ్చిన నెదర్ అప్‌డేట్ నుంచి శిథిల పోర్టళ్ళలో మామూలు అబ్సిడియన్‌తో కలిసి కనిపిస్తుంది, కానీ పోర్టల్ కట్టడానికి పనికిరాదు. ఆ ఒక్క బ్లాక్ తీసి మామూలు అబ్సిడియన్ పెట్టి మళ్ళీ వెలిగించగానే తెర పరుచుకుంది. శిథిల పోర్టల్‌నే పూర్తిచేసి వాడుకోవాలనుకునేవారు మూలల్లో తప్ప మిగతా చోట్ల ఉన్న క్రయింగ్ అబ్సిడియన్‌ను ఒక్కటి కూడా మిగల్చకుండా మార్చాలి. రాత్రి వేళ వెతికితే అది వెలుగుతూ ఉంటుంది కనుక పట్టుకోవడం తేలిక.

ద్వారబంధం సరిగ్గా ఉన్నా తెర రాకపోతే లోపలి ఖాళీని చూడండి. అక్కడ గాలి తప్ప మరేదీ ఉండకూడదు. చీకట్లో కట్టేటప్పుడు వెలుతురు కోసం నిలువు కమ్మి లోపలి వైపు తగిలించిన టార్చ్‌ను చాలామంది తీయడం మరచిపోతారు. అది కంటికి అడ్డుగా కనిపించదు గానీ, ఆట లెక్కలో ఆ చోటు నిండినట్టే. అచ్చులో లావా పోసి అక్కడికక్కడే కట్టినవారి పోర్టల్‌లో అంచున ఇంకా పారుతున్న నీరో, తీయకుండా వదిలేసిన మట్టి దిమ్మో ఉండవచ్చు. 

నిప్పు పెట్టే తీరు మూడో సంగతి. నిప్పు రాజేసే పనిముట్టు అయిన ఫ్లింట్ అండ్ స్టీల్‌ను ఒక ఇనుప కడ్డీ, ఒక చెకుముకి రాయి కలిపి చేసుకోవాలి. చెకుముకి రాయి కంకర బ్లాకులు తవ్వగా దాదాపు పదింటికి ఒకటి దొరుకుతుంది. ఫ్లింట్ అండ్ స్టీల్‌తో ద్వారబంధం లోపలి ముఖాన్నే తాకాలి. ఫోన్‌లో ఆడేవారి వేలు తరచుగా బయటి ముఖం మీద పడి, నిప్పు ద్వారానికి ముందున్న గడ్డిలో లేస్తుంది. గడప ముందు నిలబడి, చూపు కిందికి దించి, గడప పైముఖాన్ని తాకితే ఈ పొరపాటు జరగదు. దగ్గరలో చెక్క ఇల్లు ఉంటే ఈ చిన్న పొరపాటే పెద్ద మంటకు దారితీస్తుంది కనుక, పోర్టల్‌ను చెక్క కట్టడాలకు దూరంగా, రాతి నేల మీద కట్టమని నా సలహా. అంతేకాదు, శత్రు ప్రాణులు రాని పీస్‌ఫుల్ స్థాయిలో లేని వరల్డ్‌లలో వెలిగిన పోర్టల్ నుంచి అప్పుడప్పుడు జోంబిఫైడ్ పిగ్లిన్లు అనే పందిముఖపు ప్రాణులు ఇవతలికి వస్తుంటాయి. వాటిని పడకగది పక్కన ఎవరూ కోరుకోరు.

అబ్సిడియన్ సేకరణలో కూడా ప్రమాదం ఉంది. కదలని లావా మీద నీరు పారితే అబ్సిడియన్ అవుతుంది, పారుతున్న లావాకు నీరు తగిలితే కాబుల్‌స్టోన్ అనే మామూలు రాయి మాత్రమే వస్తుంది. అబ్సిడియన్‌ను తవ్వాలంటే వజ్రం లేదా నెదరైట్ పికాక్స్ కావాలి. మంత్రాలేవీ లేని వజ్రపు పికాక్స్‌తో ఒక్కో బ్లాక్‌కు 9 సెకన్లు దాటుతుంది. లావా గుంట పైపొర గట్టిపడినా అడుగున లావా ఉండవచ్చు. బ్లాక్ ఊడిరాగానే ఆ రంధ్రంలో పడి కాలిపోతుంది, కాళ్ళ కింది బ్లాక్ తవ్వితే మీరే పడతారు. పక్కనే నీరు పారుతూ ఉండేలా చూసుకుని, ఎప్పుడూ ఎదుటి బ్లాక్‌నే తవ్వండి. వజ్రాలు లేనివారు మట్టితో అచ్చు కట్టి, బకెట్‌తో ఒక్కొక్క లావా తెచ్చి పోసి, దాని మీద నీరు పారించి ద్వారబంధాన్ని అక్కడికక్కడే తయారుచేసుకోవచ్చు.

స్నేహితులతో కలిసి సర్వర్‌లో ఆడేవారికి మరో రకం చిక్కు ఎదురవుతుంది. కంప్యూటర్లలో ఆడే జావా ఎడిషన్ సర్వర్లలో వరల్డ్ మొదలయ్యే చోటు చుట్టూ స్పాన్ ప్రొటెక్షన్ అనే రక్షణ ఉంటుంది, మామూలుగా అది అన్ని వైపులా 16 బ్లాకుల దూరం వరకు ఉంటుంది. ఆపరేటర్ (సర్వర్‌పై అధికారం ఉన్న ఆటగాడు) ఒకరైనా ఉన్న సర్వర్‌లో, ఆపరేటర్లు కానివారు ఆ పరిధిలో బ్లాక్ పెట్టలేరు, నిప్పూ వెలిగించలేరు. బ్లాకులు మార్చనివ్వని అడ్వెంచర్ మోడ్‌లో కూడా అంతే. సర్వర్ నడిపేవారు నెదర్‌ను పూర్తిగా నిలిపివేసి ఉంటే, ఎంత చక్కగా కట్టినా మీరు అవతలికి చేరరు. కాబట్టి ద్వారబంధాన్ని నాలుగు సార్లు పడగొట్టే ముందు సర్వర్ చూసుకునేవారిని ఒక్క మాట అడగండి.

వీడియోలు చూసి మోసపోయే పిల్లల గురించి కూడా చెప్పాలి. గ్లోస్టోన్‌తో కట్టి నీళ్ళు పోస్తే తెరుచుకునే పోర్టల్ ఈథర్ అనే మాడ్‌కు (ఆటకు బయటివారు చేసిన అదనపు మార్పుకు) చెందినది, మామూలు ఆటలో అది పనిచేయదు. పాత మొబైల్ ఎడిషన్‌లో ఉండిన నెదర్ రియాక్టర్‌ను ఎన్నడో తీసేశారు. ఇక ఎండ్ అనే ఇంకో లోకానికి తీసుకెళ్ళే ఎండ్ పోర్టల్ సంగతి వేరు. దానికి 12 ఫ్రేములు, ప్రతి ఫ్రేములో ఐ ఆఫ్ ఎండర్ అనే ఒక కన్ను కావాలి, నిప్పుతో పని లేదు. ప్రాణాలు కాపాడుకుంటూ ఆడే సర్వైవల్‌లో, భూగర్భ కోట అయిన స్ట్రాంగ్‌హోల్డ్‌లో ఉన్నదాన్నే వెతుక్కోవాలి. అన్ని బ్లాకులూ ఉచితంగా దొరికే క్రియేటివ్‌లో స్వయంగా కట్టేవారికి 12 కళ్ళూ పెట్టినా తెరుచుకోకపోతే, ఏదో ఒక ఫ్రేము లోపలి వైపు తిరిగి లేదని అర్థం. మధ్యలో నిలబడి, అక్కడి నుంచి కదలకుండా చుట్టూ తిరుగుతూ ఫ్రేములు పెడితే అన్నీ సరైన దిక్కుకే తిరుగుతాయి.

నెదర్ పోర్టల్ వెలిగిందనుకోండి. సర్వైవల్‌లో తెర లోపల దాదాపు 4 సెకన్లు కదలకుండా నిలబడాలి. రెండు సెకన్లకే బయటికి వచ్చి ఇది పనిచేయడం లేదనుకునేవారిని చూశాను. కానీ అడుగు పెట్టే ముందు ఆగి, ఈ పోర్టల్ ఉన్న చోటి అంకెలు (కోఆర్డినేట్లు) కాగితం మీద రాసుకోండి. జావాలో ఎఫ్3 నొక్కితే కనిపిస్తాయి, ఫోన్లలో కూడా ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో వరల్డ్ సెట్టింగులలో కోఆర్డినేట్లు చూపించే మీట ఉంటుంది. విలువైన వస్తువుల్లో అవసరం లేనివన్నీ చెస్ట్‌లో పెట్టి వెళ్ళండి. బంగారు కవచం ఒక్క ముక్కైనా ఒంటి మీద ఉంటే మామూలు పిగ్లిన్లు జోలికి రావు, అయితే వాటి ఎదుట చెస్ట్ తెరిచినా బంగారం తవ్వినా ఆ మర్యాద పోతుంది. నెదర్‌లో నీళ్ళ బకెట్ గుమ్మరిస్తే ఆవిరైపోతుంది, మంచం మీద పడుకోబోతే పేలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త, వెళ్ళేటప్పుడు ఫ్లింట్ అండ్ స్టీల్‌ను వెంట తీసుకెళ్ళడం. ఘాస్ట్ అనే ఎగిరే తెల్లని ప్రాణి విసిరే నిప్పుబంతి పోర్టల్ దగ్గర పేలితే ద్వారబంధం చెక్కుచెదరకుండా నిలుస్తుంది గానీ తెర మాత్రం ఆరిపోతుంది. ఆ క్షణంలో చేతిలో నిప్పు లేకపోతే తిరిగి రావడం చాలా కష్టం, ఎందుకంటే నెదర్‌లో కంకర దొరుకుతుంది గానీ ఇనుప ఖనిజం లేదు. అందుకే అవతల అడుగు పెట్టగానే మొదటి పనిగా, పోర్టల్ చుట్టూ కాబుల్‌స్టోన్‌తో చిన్న గది కట్టాలి. ఘాస్ట్ నిప్పుబంతి కాబుల్‌స్టోన్‌ను పగలగొట్టలేదు, అక్కడి నేల అయిన నెదర్‌రాక్‌ను ఇట్టే పగలగొడుతుంది. కనీసం 64 కాబుల్‌స్టోన్లు పట్టుకెళ్ళమని చెబుతాను.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా తెర ఆరిపోయి, నిప్పు కూడా లేదనుకోండి. కంగారు పడి పరుగెత్తకండి. నెదర్ కోటలోని చెస్ట్‌లలో, శిథిల పోర్టళ్ళ చెస్ట్‌లలో ఫ్లింట్ అండ్ స్టీల్ దొరకవచ్చు. బ్లేజ్ పొడి, బొగ్గు, గన్‌పౌడర్ కలిపితే ఫైర్ చార్జ్‌లు అనే నిప్పుగుండ్లు వస్తాయి, వాటితోనూ పోర్టల్ వెలుగుతుంది. ఘాస్ట్‌ను ద్వారబంధానికి ఎదురుగా రప్పించి దాని నిప్పుబంతితోనే మళ్ళీ వెలిగించుకోవచ్చు గానీ, అది ఓపిక, గుండె ధైర్యం రెండూ కావాల్సిన పని. ద్వారబంధం పక్కన లావా, దుంగలు పెట్టి మంట పాకించాలనుకునేవారు ఇవతలి లోకపు దుంగలే వెంట తీసుకెళ్ళాలి, నెదర్‌లో పెరిగే క్రిమ్సన్, వార్ప్‌డ్ చెక్క నిప్పంటుకోదు.

తిరిగి వచ్చేటప్పుడు మీ ఇంటికి దూరంగా మరో పోర్టల్ నుంచి బయటపడితే అది కూడా చెడిపోవడం కాదు. నెదర్‌లో ఒక అడుగు ఇక్కడి 8 అడుగులకు సమానం కనుక, ఆట ఆ లెక్క ప్రకారం దగ్గరలో ఉన్న పోర్టల్‌ను వెతుకుతుంది. మీరు రాసుకున్న అంకెల్లో ఎక్స్, జెడ్‌లను 8తో భాగించండి, ఎత్తును సూచించే వైని మాత్రం భాగించకండి. ఇక్కడ ఎక్స్ 800, జెడ్ 400 దగ్గర పోర్టల్ ఉంటే నెదర్‌లో 100, 50 దగ్గర దాని జత ఉండాలి. ఆ చోటికి వీలైనంత దగ్గరగా అక్కడ ఇంకో పోర్టల్ కట్టి వెలిగిస్తే, దానిలోంచి మీ ఇంటి పోర్టల్‌కే వస్తారు.