సోలార్ వాళ్ళు తలుపు తడితే: డాలస్ వైపు కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకు

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మా టీమ్‌లో పనిచేసే తమ్ముడు ఫోన్ చేశాడు. గుంటూరు అబ్బాయి. ఈ దేశం వచ్చి మూడేళ్ళు, మెకిన్నీలో ఇల్లు కొని ఎనిమిది నెలలు. "అన్నా, సోలార్ పెట్టిస్తున్నాను. ముందు పైసా కట్టక్కర్లేదంట, కరెంటు బిల్లు ఇంక ఉండదంట" అన్నాడు సంతోషంగా. సంతకం పెట్టావా అని అడిగాను. శుక్రవారం రాత్రే పెట్టేశాడు. వచ్చినతని ట్యాబ్లెట్ మీద. కాగితం చదివావా అంటే, "ఆయనే పేజీలు జరుపుతూ చూపించాడన్నా" అన్నాడు.

నేనూ అలాగే పెట్టాను, 2021 జూన్‌లో. ఆ ఫిబ్రవరి మంచు తుఫానులో అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి, నీళ్ళు పోయి, ఏడు నెలల పాపను రెండు రజాయిల్లో చుట్టుకుని కూర్చున్న రాత్రులు ఇంకా మనసులో ఉన్నాయి. మే నెలలో అలెన్‌లో ఇల్లు కొన్నాం. పెట్టెలు ఇంకా విప్పలేదు, సోలార్ అతను వచ్చాడు. మంచి కుర్రాడు, చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. "ఇక మీ ఇంట్లో కరెంటు పోయే మాటే ఉండదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. ట్యాబ్లెట్ మీద పసుపు రంగు గడి వస్తుంది, వేలితో నొక్కమంటాడు, నొక్కగానే తర్వాతి గడి దగ్గరికి అదే దూకుతుంది. మధ్యలో ఉన్న పేజీలు కనపడనే కనపడవు. ఇరవై నిమిషాల్లో 38,000 డాలర్ల అప్పు, పాతికేళ్ళకు, నా పేరు మీద తయారైంది. తర్వాత మెయిల్‌లో వచ్చిన కాగితం 41 పేజీలు.

అందుకే మొట్టమొదట ఇది చెబుతున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళ ట్యాబ్లెట్ మీద సంతకం పెట్టకండి. "మెయిల్‌లో పంపించండి, వారం తర్వాత మాట్లాడదాం" అనండి. ఈ రాత్రికే ఈ ధర అంటారు. అననివ్వండి.

ఇప్పటికే పెట్టేసి ఉంటే వెంటనే రోజులు లెక్కపెట్టుకోండి. మీ ఇంటికి వచ్చి అమ్మినదాన్ని మూడు పనిదినాల్లో, మూడో రోజు అర్ధరాత్రి లోపు, కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు కేంద్ర నిబంధన ప్రకారం మీకు ఉంది. ఈ లెక్కలో శనివారం కూడా పనిదినమే. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు మాత్రం లెక్కలోకి రావు. మీరే దుకాణానికి వెళ్ళి కొన్నా, మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లోనే మాట్లాడుకుని కొన్నా ఈ హక్కు వర్తించదు. రద్దు ఫారం రెండు కాపీలు వాళ్ళే ఇవ్వాలి. మా తమ్ముడి కాగితాల్లో అది 37వ పేజీలో దొరికింది. శుక్రవారం సంతకం అంటే శనివారం ఒకటి, సోమవారం రెండు, మంగళవారం మూడు. సోమవారం లంచ్ టైములో ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్ళాం. ఫారం మీద తేదీ వేసి, సంతకం చేసి, ఫోటో తీసుకుని, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాం. కవరు మీద ఆకుపచ్చ, తెలుపు స్టిక్కర్ అంటించి, రసీదు మీద గుండ్రటి తేదీ ముద్ర కొట్టి ఇచ్చింది కౌంటర్‌లో ఆవిడ. ఆ రసీదు జాగ్రత్త అని వాడికి నాలుగుసార్లు చెప్పాను. ఫోన్ చేసి రద్దు చేశాం అనుకుని ఊరుకోవద్దు. మాటకు రుజువు ఉండదు.

పాతికేళ్ళ కాగితానికి నేను ఇంతగా ఎందుకు భయపడతానంటే, మన హెచ్-1బీ వీసా మూడేళ్ళది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చేది మహా అయితే 60 రోజులు. గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో మనలో ఎవరికీ తెలియదు. రేపు ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం రావచ్చు, అమ్మానాన్నల కోసం వెనక్కి వెళ్ళాల్సి రావచ్చు. అప్పుడు ఇల్లు అమ్మాలి. ఇంటి మీద ప్యానెళ్ళు అప్పు పెట్టి కొన్నవైతే, బాకీ తీరేదాకా వాటి మీద తమకు హక్కుందని అప్పిచ్చినవాళ్ళు యూసీసీ-1 అనే నోటీసు దాఖలు చేసి ఉంటారు. అమ్మేటప్పుడు ఇంటి హక్కు కాగితాలు పరిశీలించే టైటిల్ కంపెనీ దాన్ని పట్టుకుంటుంది. బాకీ తీర్చేస్తే తప్ప సాధారణంగా ముందుకు కదలదు. లీజు అయితే ప్యానెళ్ళు అసలు మీవే కావు. కొనేవాళ్ళు ఆ లీజును తమ మీదకు తీసుకోవాలి, వాళ్ళ క్రెడిట్ చూసి కంపెనీ ఒప్పుకోవాలి. లేదంటే మిగిలిన సొమ్ము మీరే కట్టి విడిపించుకోవాలి. ఎవరో పెట్టిన సంతకాన్ని నెత్తిన వేసుకోవడానికి కొనేవాళ్ళు ఎందుకు ముందుకొస్తారు? పక్క వీధిలో అదే ఇల్లు సోలార్ లేకుండా ఉంటే అటు పోతారు.

లీజు కాగితంలో ఒక చిన్న అంకె వెతకండి, ఏటా పెంపు ఎంత అని. 2.9 శాతం చాలా చోట్ల కనిపిస్తుంది. చిన్నదే కదా అనిపిస్తుంది. నెలకు 120 డాలర్లతో మొదలైతే పాతికో ఏట 238 అవుతుంది. ఆ వయసుకు ప్యానెళ్ళు ఇచ్చే కరెంటు మొదటి ఏడాది కంటే తక్కువే ఉంటుంది.

అప్పు కాగితంలో అయితే నగదు ధర ఎంతో అడగండి. 1.99 శాతం వడ్డీ అని ఊరిస్తారు, ఆ తక్కువ వడ్డీ ఖరీదును అసలులో కలిపేస్తారు. దాన్ని డీలర్ ఫీజు అంటారు. నా 38,000లో అసలు పని ఖరీదు 28,500 అని రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఈ ఫీజుల వల్ల నగదు ధర మీద 30 శాతం, అంతకంటే ఎక్కువ కూడా పెరుగుతోందని 2024 ఆగస్టులో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ కూడా చెప్పింది. మనం ఒక్కరమే మోసపోలేదు, కానీ అది తెలిసి డబ్బు వెనక్కి రాలేదు.

టాక్స్ క్రెడిట్ సంగతి. విజయవాడలో మా నాన్నగారు పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టించుకున్నారు, 78,000 రూపాయల సబ్సిడీ ఆయన బ్యాంకు ఖాతాలో పడింది. మనవాళ్ళు ఇక్కడా అలాగే అనుకుంటారు. ఇక్కడిది సబ్సిడీ కాదు, మీరు కట్టాల్సిన ఆదాయపు పన్నులో తగ్గింపు. అదీ సొంతంగా కొన్నవాళ్ళకు 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఆ తర్వాత పెట్టిన ఖర్చుకు ఆ 30 శాతం లేదు. ఇంకా ఉందని ఎవరైనా అంటే తలుపు వేసేయండి. ఇప్పుడు లీజు అంటూ ఎక్కువగా తిరుగుతున్నారంటే కారణం ఇదే. ప్యానెళ్ళు కంపెనీ పేరు మీద ఉంటే వ్యాపార క్రెడిట్ కంపెనీకి వస్తుంది.

నాకు అప్పట్లో 26 శాతం వచ్చింది, 9,880 డాలర్లు. ఆ డబ్బు మా చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్ళడానికి వాడేశాను. ఆ సొమ్మును 18 నెలల లోపు అప్పులో జమ చేస్తానని నేనే ఒప్పుకున్నట్టు కాగితంలో ఉందని నాకు తెలియదు. 119 డాలర్ల కిస్తీ ఒక నెల ఉన్నట్టుండి 164 అయింది. ఫోన్ చేస్తే పేజీ నంబరు చెప్పారు. నిజంగానే ఉంది.

కరెంటు పోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ భయాన్ని చూపించే నాకు అమ్మారు. బ్యాటరీ లేని సోలార్, వీధిలో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళకు మన ఇంటి కరెంటు తగలకుండా, ప్యానెళ్ళ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆపేస్తుంది. 2024 మే చివర వచ్చిన గాలివానకు డాలస్ చుట్టూ లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మర్నాడు మాడు పగిలే ఎండ. పైన ప్యానెళ్ళు మెరుస్తున్నాయి, లోపల ఫ్రిజ్‌లో దోసెల పిండి పులిసి గిన్నె అంచు దాటి కారుతోంది. మా ఆవిడ ఒకసారి పైకి చూసింది, ఒకసారి నా వైపు చూసింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

బిల్లు సున్నా అవుతుందన్న మాట నమ్మకండి. ఇక్కడ కరెంటు తీగలు, స్తంభాలు చూసుకునే ఆన్‌కార్ కంపెనీ చార్జీలో నెలనెలా కట్టే స్థిర భాగం ఒకటి ఉంటుంది, కరెంటు అమ్మే కంపెనీకి బేస్ ఫీజు ఉంటే అదీ ఉంటుంది. మీరు బయటికి పంపిన యూనిట్‌ను కొన్న ధరకే తీసుకోవాలన్న చట్టం టెక్సస్‌లో లేదు. బైబ్యాక్ ప్లాన్ ఎంచుకోవాలి, ఒక్కో కంపెనీ ఒక్కో రేటు ఇస్తుంది, మిగిలిన క్రెడిట్ డబ్బుగా చేతికి రాని ప్లాన్లూ ఉన్నాయి. 1,000 యూనిట్లు దాటితే ఇంత తగ్గిస్తాం అనే ప్లాన్‌లో మీరు ఉండి ఉంటే, సోలార్ పెట్టాక 700 దగ్గర ఆగి ఆ తగ్గింపు పోతుంది. డెంటన్, గార్లండ్‌లలో చాలా ఇళ్ళకు ఊరి కరెంటు సంస్థ, ఫ్రిస్కోలో కొన్ని కాలనీలకు కోసర్వ్ అనే సహకార సంస్థ కరెంటు ఇస్తాయి. ఆ ఇళ్ళకు కంపెనీని ఎంచుకునే వీలే ఉండదు, వాళ్ళ నియమాలు వేరుగా అడిగి తెలుసుకోవాలి.

కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌వోఏ) అనుమతి, సిటీ పర్మిట్ చాలాసార్లు కంపెనీయే చూసుకుంటుంది, అయినా ఎవరి బాధ్యతో ముందే అడగండి. రూఫ్ వయసు కూడా చూడండి. ఇక్కడ వడగళ్ళకు రూఫ్ మీది పలకలు, అదే షింగిల్స్, పోవడం మామూలు. రూఫ్ మార్చాలంటే ముందు ప్యానెళ్ళు దింపి మళ్ళీ ఎక్కించాలి, దానికి వేలల్లో అవుతుంది. ఆ ఖర్చు మీ ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ఏజెంట్ చేత మెయిల్‌లో రాయించుకోండి. ప్యానెళ్ళు ఏ వాలు మీద పెడుతున్నారో బొమ్మ అడగండి. నాకు ఏడు ప్యానెళ్ళు ఎండ తక్కువ పడే ఉత్తరం వాలు మీద పెట్టారు, సైజు పెద్దదని చూపించుకోవడానికి. బిగించడం సెప్టెంబర్‌లో అయితే, సోలార్ ఆన్ చేయడానికి ఆన్‌కార్ అనుమతి వచ్చేసరికి డిసెంబర్. కిస్తీ మాత్రం అక్టోబర్‌లోనే మొదలైంది. అనుమతి వచ్చిన తర్వాతే కిస్తీ అని కాగితంలో రాయించండి.

పాతికేళ్ళ వారంటీ అన్న మాటను కూడా కంపెనీ వయసుతో పోల్చి చూడండి. సన్‌పవర్ 2024 ఆగస్టులో, హూస్టన్‌కు చెందిన సన్నోవా 2025 జూన్‌లో దివాలా రక్షణకు వెళ్ళాయి. అంత పెద్దవాళ్ళే నిలబడలేదు. ప్యానెల్, ఇన్వర్టర్ తయారుచేసినవాళ్ళ వారంటీ వేరు, బిగించినవాళ్ళ వారంటీ వేరు. రెండూ విడివిడిగా అడగండి. ఎలక్ట్రికల్ లైసెన్సు నంబరు అడిగి, టెక్సస్ లైసెన్సుల శాఖ టీడీఎల్‌ఆర్ సైటులో వెతికి చూడండి.

ఇంత చదివి సోలారే వద్దనుకుంటే అదీ తప్పే. దక్షిణం వాలు మీద ఉన్న నా ప్యానెళ్ళు ఐదో ఏడు కూడా చక్కగా పనిచేస్తున్నాయి. డాలస్ ఎండకు ఒక్కో కిలోవాట్ ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు ఇస్తుంది. ఆ ఎండ నిజమే, ఆ కరెంటూ నిజమే. ఈ ఇంట్లో పదేళ్ళు ఉంటామన్న నమ్మకం ఉండి, నగదుకో బ్యాంకు అప్పుకో సొంతంగా కొనుక్కుని, మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే మంచి పనే. కౌంటీ అప్రైజల్ ఆఫీసుకు 50-123 ఫారం పంపితే, సోలార్ వల్ల పెరిగిన ఇంటి విలువ మీద ఆస్తి పన్ను కూడా పడదు. నేను పంపాను, పెద్ద కష్టమేమీ కాలేదు.

తమ్ముడి రద్దు అందినట్టు ఆ వారంలోనే మెయిల్ వచ్చింది. స్మార్ట్ మీటర్ టెక్సస్‌లో ఖాతా తెరిపించి, ఎనిమిది నెలల లెక్క పావుగంట పావుగంటకూ ఉన్నది దింపించాను. ఆగస్టులో 2,140 యూనిట్లు కాల్చాడు, ముగ్గురున్న ఇంట్లో. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఏసీ ఒక్క నిమిషం ఆగినట్టు లేదు. ముందు అటకలో ఇన్సులేషన్ ఎంత మందం ఉందో చూద్దాం అన్నాను. ఈ శనివారం నిచ్చెన, టేపు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను.