సమ్మెలో ఉన్న హోటల్ గడప తొక్కకుండా ఉండాలంటే

ట్యాక్సీ దిగి సూట్‌కేసు అందుకునేసరికి హోటల్ ముందు ఎర్ర టీషర్టుల్లో జనం, బోర్లించిన బకెట్ల మీద దరువు, మెగాఫోన్‌లో నినాదాలు. అమెరికాలో తిరిగేవాళ్ళెవరికైనా ఇది ఎదురుకావచ్చు. 2024 లేబర్ డే (అక్కడ సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే కార్మిక దినం) సెలవుల్లో హిల్టన్, హయత్, మారియట్ హోటళ్లలో దాదాపు 10,000 మంది కార్మికులు పని ఆపేసి రోడ్డు మీదికి వచ్చారు. అలా గుమ్మం ముందు తిరిగే ఆ వరసే పికెట్ లైన్. దాన్ని దాటి లోపలికి వెళ్ళకండి. పక్క గేటు నుంచి వెళ్ళినా, కాఫీ కోసమో పార్కింగ్ కోసమో వెళ్ళినా దాటినట్టే.

అసలు అక్కడిదాకా రాకుండా ముందే చూసుకోండి. యునైట్ హియర్ అనే హోటల్ కార్మికుల యూనియన్‌కి ఫెయిర్ హోటల్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, ఏ హోటల్లో సమ్మె ఉందో, దేన్ని బహిష్కరించమన్నారో అందులో చూడొచ్చు. బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూడండి, ఎందుకంటే గుమ్మం ముందు ఎవరూ లేకపోయినా బహిష్కరణ పిలుపు ఉండొచ్చు. ఒక్కోసారి సమ్మె లేకుండా ప్లకార్డులతో నిరసన మాత్రమే చేస్తారు. అర్థం కాకపోతే వాళ్ళనే అడగండి, "లోపలికి వెళ్ళొద్దంటారా?" అని. సూటిగా చెప్తారు.

క్యాన్సిల్ చేసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: "ప్లాన్ మారిందండీ" అని చెప్పి ఫోన్ పెట్టేస్తారు. దాంతో మీ రద్దు వంద రద్దుల్లో కలిసిపోతుంది. మేనేజర్‌ని అడిగి పిలిపించుకుని, సమ్మె తేలేదాకా మీ హోటల్‌కి రానని చెప్పండి, అదే మాట మెయిల్లోనూ రాయండి. రిఫండ్ లేని బుకింగైతే, రోజూ గది శుభ్రం చేస్తారా, రెస్టారెంట్ నడుస్తోందా అని అడగండి. చెప్పిన సేవలు ఇవ్వలేనప్పుడు డబ్బు వెనక్కి అడగడం న్యాయమే. ప్రతిసారీ వస్తుందని మాత్రం అనుకోకండి.

గది శుభ్రత సంగతి ఎందుకంటే, 2024 సమ్మెలో అదే ఒక పెద్ద గొడవ. కోవిడ్ అప్పుడు చాలా హోటళ్లు రోజువారీ శుభ్రత ఆపేశాయి. గెస్ట్ వెళ్ళాక మూడు రోజుల చెత్త, తడి తువ్వాళ్ళు, జిడ్డు పట్టిన బాత్‌రూమ్ ఒకేసారి శుభ్రం చేసేవాళ్ళ మీద పడతాయి, గదికి ఇచ్చే టైమ్ మాత్రం పెరగదు. పైగా పని గంటలు తగ్గి జీతమూ తగ్గుతుంది. బరువైన పరుపు ఎత్తి దుప్పటి దోపే చేతులవి, రోజుకి ఎన్నిసార్లు ఎత్తాలో ఆలోచించండి.

కాన్ఫరెన్సు అక్కడే ఉందా? నిర్వాహకులకి వెంటనే రాయండి, ఒక్కరే కాదు, తెలిసిన పదిమందితో రాయించండి. హాలు బుక్ చేసేది మీరే అయితే, సమ్మె వస్తే డబ్బు పోకుండా రద్దు చేసుకునే షరతు కాంట్రాక్టులో ముందే పెట్టించుకోండి. ఇది తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

కుదిరితే ఓ పావుగంట సమ్మె చేసేవాళ్ళతో నడవండి, నీళ్ళ సీసాలు ఇవ్వండి. ఫోటో తీసే ముందు అడగండి. లోపలికి వెళ్ళేవాళ్ళతో మీరు గొడవకి దిగొద్దు, వాళ్ళతో ఎలా మాట్లాడాలో సమ్మె చేసేవాళ్ళకి తెలుసు. లాస్ వెగాస్ ఫ్రాంటియర్ హోటల్లో 1991లో బయటికొచ్చిన 550 మంది దాకా కార్మికులు 1998 వరకు నిలబడ్డారు, ఒక్కరూ లైన్ దాటి పనిలోకి వెళ్ళలేదు.

ఒప్పందం కుదిరాక మళ్ళీ అక్కడే బుక్ చేయండి. సమ్మె తేలింది కాబట్టే వచ్చానని చెక్-ఇన్ కౌంటర్లో చెప్పండి.