వాచీ పేరును విప్పి చదివే పద్ధతి

అనంతపురం టవర్ క్లాక్ పక్క సందులో మా నాయన పెట్టిన వాచీల అంగడి మాది. ఒకప్పుడు బల్ల మీదికి వచ్చేవన్నీ హెచ్‌ఎంటీలే. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు, అమెరికా నుంచి వచ్చిన అల్లుళ్లు స్విస్ వాచీలు తెస్తున్నారు. చైన్ వదులైంది, ఒక లింకు తీయమంటారు. తీస్తుంటే అడుగుతారు: "అన్నా, దీనికింత పొడుగు పేరేంది? ఏమన్నా అర్థముందా?"

ఉంది. మన రైతులకు ఈ విద్య కొత్తదేం కాదు. కె-6 అంటే కదిరిలో పుట్టిన శెనక్కాయ రకమని, టీఎంవీ-2 అంటే తిండివనం నుంచి వచ్చిందని మా పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. వాచీని కూడా అట్లే చదవాలి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పేరు పని చెప్తుంది, నంబరు ఒళ్లు చెప్తుంది.

ముందు డయల్ మీది మాటలు ఒక్కొక్కటిగా విడదీయండి. రోలెక్స్ ఆయిస్టర్ పర్పెచువల్ డేట్‌జస్ట్ అని ఉందనుకోండి. రోలెక్స్ ఇంటిపేరు, దాన్ని పక్కన పెట్టండి. ఆయిస్టర్ అంటే ముత్యపు చిప్ప. నీళ్లు చొరకుండా చిప్ప మాదిరి మూసుకునే కేసు 1926లో వచ్చింది, పేరు దానిది. మరుసటి ఏడు మెర్సిడీస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ చానెల్‌లో దాన్ని మెడలో వేసుకుని పది గంటలకు పైగా చన్నీళ్లలో ఈదింది. వాచీ ఆగలేదు. పర్పెచువల్ అంటే తనంతట తానే కీ ఇచ్చుకునేది, 1931 నాటిది. డేట్‌జస్ట్ 1945లో వచ్చింది, డయల్ మీద కిటికీలో తేదీ దానంతటదే మారుతుంది. నాలుగు మాటల్లో మూడు, లోపలున్న మూడు పనులకు పెట్టిన పేర్లు.

పర్పెచువల్ గురించి ఇంకొంచెం చెప్పాలి. బ్యాక్ కవర్ విప్పి చూపిస్తే అర్థచంద్రాకారంలో ఒక బరువైన రేకు కనిపిస్తుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును చుడుతుంది. చెయ్యి లేకపోతే అది తిరగదు. పర్పెచువల్ అన్నారు కదా అని వాచీని బీరువాలో పెట్టి, నాలుగు రోజులకు ఆగిపోయిందని రిపేరుకు తెస్తారు. రిపేరు ఏమీ ఉండదు. కాసింత కీ ఇచ్చి టైము సరిచేసి చేతికి కట్టుకోండి, చాలు. పర్పెచువల్ క్యాలెండర్ అని రాసుంటే మాత్రం సంగతి వేరు. ఏ నెలకు ముప్పై రోజులో, ఏ నెలకు ముప్పై ఒకటో, లీపు సంవత్సరం ఎప్పుడో ఆ మిషన్‌కు తెలుసు. ఆపకుండా నడిపితే 2100 దాకా తేదీ సరిచేసే పనే లేదు. నాలుగుతో భాగించగలిగినా 2100 లీపు సంవత్సరం కాదు, ఆ ఫిబ్రవరికి మాత్రం మనిషి చెయ్యి కావాలి.

తర్వాత పేరులో మనిషిని వెతకండి. ఇది మా నాయన నేర్పింది. హెచ్‌ఎంటీ జవాన్, పైలట్, జనతా వరసగా పేర్చి "ఎవరికి చేసినారో పేరే చెప్తాంది సూడు" అనేవాడు. స్విస్ వాచీల్లోనూ అదే. సబ్‌మరైనర్ 1953లో నీళ్లలోకి దూకేవాళ్లకు వచ్చింది, అప్పట్లో లోతు 100 మీటర్లు. ఇంకా లోతుకు పోయేవాళ్లకు 1967లో సీ-డ్వెల్లర్. జీఎంటీ-మాస్టర్ 1955లో పాన్ యామ్ అనే అప్పటి అమెరికా విమాన కంపెనీ పైలట్ల కోసం చేసింది. రెండు దేశాల టైము ఒకేసారి చూపిస్తుంది. బెజెల్‌లో, అంటే అద్దం చుట్టూ ఉండే కట్టులో, ఎరుపు సగం పగటికి, నీలం సగం రాత్రికి.

ఒమేగా వాళ్ల రైల్‌మాస్టర్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1957లో వచ్చిన ఆ వాచీ, కరెంటు యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ల కోసం అయస్కాంతానికి లొంగకుండా చేసింది. అయస్కాంతం పట్టిన వాచీ ఎట్లుంటుందో గుంతకల్లు రైల్వే వాళ్లు తెచ్చిన వాచీల్లో చూశాను. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. పక్కన చిన్న దిక్సూచి పెడితే దాని ముల్లు వణుకుతుంది, అదే గుర్తు. రోలెక్స్ వాళ్ల మిల్‌గాస్ అన్న పేరుదీ అదే అర్థం. మిల్ అంటే ఫ్రెంచిలో వెయ్యి, గాస్ అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం.

ఒమేగా స్పీడ్‌మాస్టర్ పేరు అర్థం కావాలంటే గుత్తి రోడ్డులో బస్సెక్కండి. ఒక కిలోమీటరు రాయి దగ్గర పై బటన్ నొక్కండి, తర్వాతి రాయి దగ్గర మళ్లీ నొక్కండి. ముల్లు నలభై సెకన్ల దగ్గర ఆగితే ఎదురుగా బెజెల్ మీద 90 ఉంటుంది, బస్సు గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో పోతోందని. ఆ అంకెలను డయల్ మీది నుంచి బెజెల్ మీదికి తెచ్చింది 1957 నాటి ఈ వాచీయే. చంద్రుడి మీదికి పోయింది ఆ తర్వాతి కథ.

కొన్ని పేర్లు ఆకారాన్ని బట్టి వచ్చినవి. కార్టియే ట్యాంక్‌ను పైనుంచి చూడండి, రెండు పక్కలా నిలువు కడ్డీలు యుద్ధట్యాంకు పట్టాల్లాగా కనిపిస్తాయి. 1917లో రెనో ట్యాంకును చూసి గీసిన బొమ్మ అది. డేటోనా, కరేరా లాంటివి కార్ల పందేల నుంచి వచ్చినవి, వాటిలో ఇంకేమీ వెతకొద్దు. రివర్సో మాత్రం మన దేశంలో మొలకెత్తింది. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీల అద్దాలు పగిలిపోతుంటే, 1931లో కేసునే పక్కకు జరిపి తిరగేసేటట్టు చేశారు. లాటిన్‌లో రివర్సో అంటే తిరుగుతాను అని. ఇంత నిజాయితీగా పెట్టిన పేరు ఇంకొకటి నేను చూడలేదు.

ఇక నంబరు, అంటే వాచీతో వచ్చే కార్డు మీద ఉండే మోడల్ నంబరు. రోలెక్స్ సబ్‌మరైనర్లలో చివరి అంకె లోహం చెప్తుంది. 0 ఉంటే స్టీలు, 3 ఉంటే స్టీలూ పసుపు బంగారమూ కలిసినది, 8 ఉంటే పూర్తి పసుపు బంగారం, 9 అయితే తెల్ల బంగారం. తర్వాతి అక్షరాలు ఫ్రెంచివి. 126610ఎల్‌ఎన్‌లో ఎల్ అంటే లునెట్, అంటే బెజెల్. ఎన్ అంటే నువార్, నలుపు. ఎల్‌వీ అయితే వెర్త్, ఆకుపచ్చ. పటెక్ ఫిలిప్‌లో అక్షరమే లోహం. 5711/1ఎలో ఎ అంటే అసియే, స్టీలు. జె పసుపు బంగారం, ఆర్ రోజా బంగారం, జీ తెల్ల బంగారం, పీ ప్లాటినం. గీత తర్వాతి 1 లోహపు చైన్‌కు గుర్తు.

ఇదంతా ఎందుకు పనికొస్తుందంటే, పోయిన సంక్రాంతికి పాతూరు నుంచి ఒక తమ్ముడు సెకండ్‌హ్యాండ్ సబ్‌మరైనర్ తెచ్చాడు. వేరే ఊళ్లో ఒకరి దగ్గర బేరం చేసి, సగం డబ్బులిచ్చి తెచ్చుకున్నాడు. కార్డు మీద 16618 అని ఉంది. వాచీ చూస్తే తెల్లగా స్టీలు. చివర 8 ఉంటే ఇది బంగారంలా పసుపుగా మెరవాలి కదా అన్నాను. పాత మోడళ్లలో పన్నెండు అంకె వైపు, చైన్ తగులుకునే కొమ్ముల మధ్య నంబరు చెక్కి ఉంటుంది. చైన్ విప్పి, ఐ గ్లాస్ పెట్టి చూశాను. నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. ఐ గ్లాస్ అతని చేతికిచ్చి అతన్నే చూడమన్నాను. చాలాసేపు చూశాడు. నేను చైన్ మళ్లీ తగిలించి ఇచ్చేలోపే, మిగతా సగం కట్టనని చెప్పడానికి ఫోన్ తీశాడు.