ఇంజిన్ మోగుతుంది, బ్లేడు మాత్రం నిలిచిపోతుంది: పొడవు పైపు హెడ్జ్ ట్రిమ్మర్ సమస్యలు, పరిష్కారాలు

బ్రష్ కట్టర్ (గడ్డి, పొదలు కోసే యంత్రం) ఇంజిన్‌కు తగిలించి వాడే హెడ్జ్ ట్రిమ్మర్ అటాచ్‌మెంట్లు, అంటే మొక్కల కంచెలను కత్తిరించే పొడవు పైపు బ్లేడులు, మరమ్మతుకు వచ్చినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం "క్లచ్ పోయింది" అన్న తీర్పుతోనే వస్తాయి. విప్పి చూస్తే క్లచ్ నిక్షేపంగా ఉంటుంది. అటాచ్‌మెంటు పైపు కప్లర్‌లోకి (ఇంజిన్ వైపు పైపుతో దాన్ని కలిపే బిగింపులోకి) పూర్తిగా దిగిందా లేదా అని చూడడానికి అర నిమిషం కూడా పట్టదు. అయినా ఆ ఒక్కటీ తప్ప మిగిలినవన్నీ చూసి వచ్చేవారే ఎక్కువ. ఇంజిన్ ఎలా స్టార్ట్ చేయాలో, పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ ఎంత కలపాలో మీకు తెలుసుననే అనుకుంటున్నాను. కింద చెప్పే ఏ పనికైనా ముందు ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్గు టోపీ ఊడదీసి, చేతికి మందమైన తొడుగు వేసుకోండి.

లక్షణం: గాలిలో ఆడుతుంది, కొమ్మ తగలగానే ఆగిపోతుంది

ఆక్సిలరేటర్ నొక్కితే బ్లేడు చక్కగా ఆడుతుంది. కంచెలో పెట్టిన మరుక్షణం బ్లేడు నిలిచిపోయి, ఇంజిన్ మాత్రం బరువు తగ్గినట్లు గొంతు పెంచుతుంది; ఒక్కోసారి పైపు లోపలినుంచి గరగరమనే శబ్దం వస్తుంది. క్లచ్ జారినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కనుక అందరూ పొరబడతారు. నేనూ పొరబడ్డాను. ఒక అపార్ట్‌మెంటు తోటమాలి తెచ్చిన యంత్రానికి ముందు క్లచ్ బూట్లు, తరువాత క్లచ్ డ్రమ్ము మార్చాను. రెండుసార్లూ షెడ్డులో బాగానే ఆడింది, రెండుసార్లూ నరమామిడి వరుస దగ్గర ఆగిపోయింది. మూడోసారి అతను యంత్రాన్ని రెండు ముక్కలుగా కాక, బిగించినది బిగించినట్లే తీసుకువచ్చాడు. అప్పుడు గాని అసలు సంగతి కంటపడలేదు: కప్లర్ బుడిపె పైపు మీది రంధ్రంలో పడనే లేదు; రంధ్రానికి వేలెడు దూరంలో, పైపు నున్నటి భాగం మీద ఆని ఉంది. పైన చేతితో తిప్పి బిగించే నాబ్ మాత్రం బలంగా బిగించి ఉంది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మళ్ళీ మోసపోరు. చాలా అటాచ్‌మెంట్లలో పైపు లోపలి షాఫ్ట్‌ను, అంటే ఇంజిన్ తిరుగుడును బ్లేడు దాకా చేర్చే కడ్డీని, ఏ మేకూ పట్టి ఉంచదు. దాని ఒక కొన బ్లేడు దగ్గరి గేర్‌బాక్స్ పళ్ళలోకి, రెండో కొన కప్లర్ లోపల ఇంజిన్ వైపు ఉండే కప్లింగ్ గుంటలోకి దిగి ఉంటాయి, అంతే. అటాచ్‌మెంటును తలకిందులుగా గోడకు ఆనించినా, ఆటోలో కుదుపుల మీద తీసుకువెళ్ళినా షాఫ్ట్ గేర్‌బాక్స్ నుంచి కొంత బయటకు జారుతుంది. ఆ స్థితిలో తగిలిస్తే, ముందుకు పొడుచుకువచ్చిన షాఫ్ట్ కప్లింగ్ అడుగున తగిలి, పైపును పూర్తిగా దిగనివ్వదు. నాబ్ బిగిస్తే పైపు కదలదు కాబట్టి అంతా సరిగా ఉన్నట్లే అనిపిస్తుంది. నిజానికి గేర్‌బాక్స్ లోపల షాఫ్ట్ కొన రెండు మూడు మిల్లీమీటర్ల మేరే పట్టుకొని ఉంటుంది. గాలిలో బ్లేడును ఆడించడానికి ఆ పట్టు చాలుతుంది, పచ్చి కొమ్మను కోయడానికి చాలదు. కప్లర్ నోట్లో మట్టి, ఆకుల పొడి గడ్డకట్టినా ఇదే పరిస్థితి, కాకపోతే అప్పుడు పట్టు తగ్గేది ఇంజిన్ వైపు కొన దగ్గర. ఏ వైపు జరిగినా, అలాగే కొన్నాళ్ళు నడిపితే పళ్ళు గుండ్రంగా అరిగిపోయి, వంద రూపాయలు కూడా ఖర్చు కాని పని షాఫ్ట్ మార్చేదాకా పోతుంది.

సరిచేసే విధానం ఇది. అటాచ్‌మెంటును విడదీసి నేల మీద పడుకోబెట్టి, బ్లేడుకు తొడుగు తొడగండి. బయటికి కనిపిస్తున్న షాఫ్ట్ కొనను గుడ్డతో పట్టుకొని, మెల్లగా తిప్పుతూ లోపలికి నెట్టండి; పళ్ళు కుదిరిన చోట అది తనంతట తానే ఒక మెట్టు దిగినట్లు తెలుస్తుంది. ఇప్పుడు తిప్పితే బ్లేడు కూడా కదలాలి. షాఫ్ట్ తిరుగుతున్నా బ్లేడు కదలకపోతే గేర్‌బాక్స్ వైపు పళ్ళు అరిగాయన్నమాట. తరువాత టార్చితో కప్లింగ్ లోపల చూసి, గుడ్డతో తుడిచి, షాఫ్ట్ పళ్ళకు పలుచగా గ్రీజు రాయండి. పైపును దూర్చేటప్పుడు బలంగా గుద్దకుండా, అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ నెడితే బుడిపె "టక్" మని రంధ్రంలో పడుతుంది. పడ్డాక ఒకసారి వెనక్కి లాగి చూసి, అప్పుడు మాత్రమే నాబ్ బిగించండి. నాబ్ ఉన్నది పైపు అదరకుండా చూడడానికే. పైపును దాని స్థానంలో నిలిపేది బుడిపె. సరిగా దిగిన స్థితిలో కప్లర్ అంచు వెంట పైపు మీద పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, ఇక ముందు ఎవరు బిగించినా గీత కప్లర్ అంచుకు ఆని ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

మరో కంపెనీ అటాచ్‌మెంటు కొన్నవారు ఇంకొకటి కూడా చూసుకోవాలి. బజారులో 26 మి.మీ., 28 మి.మీ. పైపులు రెండూ దొరుకుతాయి; షాఫ్టులలో 7 పళ్ళవీ, 9 పళ్ళవీ ఉన్నాయి. పైపు సరిపోయినంత మాత్రాన షాఫ్ట్ సరిపోయిందని అనుకోకండి, పళ్ళు లెక్కపెట్టండి. సన్న పైపు చుట్టూ రేకు చుట్టి లావు కప్లర్‌లో బిగించేవారిని చూశాను. దాన్ని సమర్థించే మాట నా దగ్గర ఏదీ లేదు.

లక్షణం: బ్లేడు ఆడుతుంది, ఆకును కోయకుండా నములుతుంది

సానకు పరుగెత్తకండి, ముందు జిగురు చూడండి. కడియం నర్సరీలలో గుండ్రంగా, మెట్లుగా కత్తిరించే ఫైకస్ వంటి పాలుకారే మొక్కల మీద గంట పనిచేస్తే, ఆ పాలు రెండు బ్లేడుల మధ్య ఎండి పట్టేస్తాయి. కిరోసిన్ రాసి పది నిమిషాలు ఉంచి, బ్రష్షుతో తోమి, తుడిచి, పలుచని నూనె వేయండి. అప్పటికీ నములుతుంటే బ్లేడుల మధ్య సందు పెరిగిందని అర్థం: బ్లేడులను కలిపి పట్టే ఒక్కో స్క్రూ మీది లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను అదిమి పెట్టకుండా ఆగేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకొని నట్టు బిగించాలి. ఈ వెనక్కి తిప్పడం మరచిపోతే బ్లేడు కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆకురాయి పట్టేది ఆ తరువాతే, అదీ మొదట ఉన్న వాలులోనే.

లక్షణం: గేర్‌బాక్స్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది

గ్రీజు అయిపోయి ఉంటుంది, లేదా ఎవరో దయతలచి నిండా కుక్కి ఉంటారు. రెండూ వేడికి కారణాలే. మాన్యువల్‌లో చెప్పిన గంటలకొకసారి, చెప్పినంత మాత్రమే వేయండి.

లక్షణం: ఆక్సిలరేటర్ వదిలినా బ్లేడు ఆగదు

ఐడిల్ స్క్రూ (ఆక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిన్ వేగాన్ని సరిచేసే మర) తిప్పి వేగం తగ్గించండి. తగ్గించినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగు తెగి ఉండవచ్చు. ఇది నిజంగా క్లచ్ విప్పవలసిన సందర్భం. మార్చేదాకా ఆ యంత్రంతో పని చేయకండి, ఎందుకంటే పొడవు పైపు చివర ఆడే బ్లేడు ఎవరి వైపు తిరిగిందో వెనుక నిలబడినవారికి వెంటనే తెలియదు. మనుషులను 15 మీటర్ల దూరంలో ఉంచమని మాన్యువల్లు చెప్పేది అందుకే. పైపుకు కరెంటు నుంచి రక్షణ ఏమీ ఉండదు కాబట్టి, తీగల దగ్గర ఈ యంత్రాన్ని ఎత్తనే వద్దు.

ఇవేవీ కాకపోతే గేర్‌బాక్స్ లోపల బ్లేడును ఆడించే కనెక్టింగ్ రాడ్ విరగడమో, గేరు పన్ను ఊడడమో అయి ఉంటుంది. ఇన్నేళ్ళలో అలాంటివి నేను చూసినవి తక్కువ. ఇనుప కంచె తీగను కోసిన యంత్రాలలోనే ఎక్కువగా చూశాను. అప్పుడు విడి భాగాల కోసం వెతకడం కంటే గేర్‌బాక్స్ మొత్తంగా మార్చడమే చవక.