చండీగఢ్‌లో కార్బూజియే కట్టడాలు చూడటం ఎలా?

చండీగఢ్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రాక్ గార్డెన్ తిరిగి, సుఖ్నా సరస్సులో పడవెక్కి, కంచె అవతల నుంచి ఓపెన్ హ్యాండ్ అనే పెద్ద చెయ్యి ఆకారపు లోహ శిల్పంతో సెల్ఫీ దిగి, స్విస్-ఫ్రెంచ్ ఆర్కిటెక్టు లె కార్బూజియే ప్లాన్ గీసిన నగరం చూశామనుకుంటారు. రాక్ గార్డెన్ నేక్‌చంద్ చేతి పని, దానికీ కార్బూజియేకీ సంబంధం లేదు. పంజాబ్ యూనివర్సిటీలో నీళ్ల మధ్య ఉన్న గాంధీ భవన్ ఆయన బంధువు పియరె జానెరె గీసింది. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది కూడా నగరం మొత్తం కాదు, సెక్టర్ 1లోని క్యాపిటల్ కాంప్లెక్స్, అంటే అసెంబ్లీ, సెక్రటేరియట్, హైకోర్టు ఉన్న ఆవరణ. మీ ప్రయాణం దాని చుట్టూ అల్లుకోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఏర్పాట్లు పెద్దగా ఏమీ లేవు. న్యూఢిల్లీ నుంచి శతాబ్దిలో మూడున్నర గంటలు. సెక్టర్ 17, 22, 35లలో ఎక్కడ దిగినా సరే. నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. కాకపోతే డిసెంబరు చివర, జనవరిలో ఉదయాలు పొగమంచు కమ్ముకుంటుంది, అప్పుడు కాంక్రీటూ ఆకాశమూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. టోపీ, నీళ్ల సీసా, నడవడానికి పనికొచ్చే చెప్పులు, ఒరిజినల్ గుర్తింపు కార్డు చాలు. రెండు పూటలు కేటాయించండి. మ్యూజియాలకు సెలవు కాబట్టి సోమవారం వద్దు.

మొదటి పూట సెక్టర్ 19లోని లె కార్బూజియే సెంటర్‌తో మొదలుపెట్టాలి. క్యాపిటల్ చూశాక తీరిగ్గా వెళ్తామంటే ప్రయోజనం సగం పోతుంది. ఆర్కిటెక్టుల పాత ఆఫీసు అది. 1951లో కార్బూజియే, జానెరె, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వాళ్లతో యూలీ చౌధురి, ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్ లాంటి మనవాళ్లు నగరాన్ని కాగితం మీద పెట్టింది ఇక్కడే. అక్కడి ప్లాన్ ముందు పది నిమిషాలు నిలబడండి. ఒక్కో సెక్టర్ 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. పెద్ద రోడ్డు నుంచి ఇంటి గుమ్మం దాకా దారులను ఏడు తరగతులుగా విడగొట్టారు. ఇది బుర్రకెక్కితే తర్వాత ఎక్కడా దారి తప్పరు.

అక్కణ్నుంచి సెక్టర్ 10లో కార్బూజియే గీసిన ప్రభుత్వ మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. 1968లో తెరిచిన ఈ చదరపు భవనానికి వెలుతురు పైకప్పు నుంచి దిగుతుంది. అందుకే పొద్దు వాలకముందే చేరాలి. బొమ్మలు చూస్తూ తలెత్తి కప్పు చూడటం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక రెండో రోజు ఉదయం క్యాపిటల్. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

మొదటి తప్పు నేరుగా గేటుకు వెళ్లడం. ఆ ఆవరణలో పంజాబ్, హర్యానా ప్రభుత్వాల యంత్రాంగం పనిచేస్తోంది, కాపలా గట్టిగా ఉంటుంది. గైడుతో తప్ప లోపలికి పంపరు. "క్యాపిటల్" అంటే ఆటోవాళ్లు రాక్ గార్డెన్ దగ్గర దించేస్తుంటారు. "సెక్టర్ 1, హైకోర్టు పార్కింగ్, టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ సెంటర్" అని పూర్తిగా చెప్పండి. పాస్ ఉచితం, ఇచ్చేది అక్కడే. మామూలుగా పదింటికి, పన్నెండింటికి, మూడింటికి టూర్లు బయలుదేరతాయి. ముందురోజే చండీగఢ్ టూరిజం వాళ్లను అడిగి సమయం ఖాయం చేసుకుని, అరగంట ముందు చేరండి. గుర్తింపు కార్డుకు జిరాక్స్ కాపీ, ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. విదేశాల్లో ఉండే మనవాళ్లయితే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

రెండో తప్పు తేదీ. అసెంబ్లీ సమావేశాలు జరుగుతుంటే లోపలికి వెళ్లే ఆశ వదులుకోవాలి. ఒక్క భవనంలో రెండు శాసనసభలున్నాయి. ఉమ్మడి రాజధాని చూసిన తెలుగువాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఒక్క పంజాబ్ షెడ్యూలు చూసుకుంటే చాలదు, హర్యానాదీ చూడాలి. ఫిబ్రవరి, మార్చిల్లో బడ్జెట్ సమావేశాలు పడతాయి. స్వాతంత్ర్య, గణతంత్ర దినాల ముందు రోజులూ వద్దు. శని, ఆదివారాల్లో ఆఫీసులు మూసి ఉంటాయి, బయటి మైదానం వరకే. లోపల చూడాలంటే పనిదినమే. బ్యాగు, ఫోను బయట పెట్టమంటే పెట్టేయండి. గార్డుతో వాదిస్తే గుంపంతా ఆగిపోతుంది.

మూడోది ఎండ. దీన్ని ఎవరూ పట్టించుకోరు. అసెంబ్లీ ముఖం ఆగ్నేయానికి, హైకోర్టు ముఖం వాయవ్యానికి. రెండూ నాలుగైదు వందల మీటర్ల దూరంలో ఒకదాన్నొకటి చూసుకుంటాయి. ఉదయం ఎండ అసెంబ్లీ మీద, సాయంత్రం ఎండ హైకోర్టు మీద పడుతుంది. పదింటి టూరే ఎక్కాలి, ఎందుకంటే అసెంబ్లీ గుమ్మానికున్న ఎనామెల్ తలుపు నేరు వెలుగులోనే పలుకుతుంది. బొమ్మలు కార్బూజియే స్వయంగా వేశారు, తలుపు ఫ్రాన్స్ కానుక. పైభాగంలో సూర్యుడి దారులు, కింద నది, చెట్లు, జంతువులు. మధ్యాహ్నం పన్నెండు టూరుకు మాత్రం వెళ్లకండి. నీడ లేని కాంక్రీటు మైదానంలో కళ్లు చికిలించుకోవడమే మిగులుతుంది.

లోపలికి వెళ్లాక గైడు ఓపెన్ హ్యాండ్ వైపు నడిపిస్తాడు. ముందు మైదానం మధ్యలో ఒక్క నిమిషం ఆగనివ్వమని అడగండి. ఇవి విడివిడి భవనాలు కావు, ఒకటి ఇంకోదానికి జవాబుగా నిలబడినవి. ఒక కొసన 254 మీటర్ల పొడవునా ఆనకట్ట గోడలా సెక్రటేరియట్. దాని ముందు అసెంబ్లీ: నెత్తిన విద్యుత్ కేంద్రాల కూలింగ్ టవర్‌ను తలపించే గుండ్రటి బురుజు, పక్కన పిరమిడ్. బురుజు కింద పంజాబ్ సభ, పిరమిడ్ కింద హర్యానా సభ. ఎదురుగా హైకోర్టు: పైన గొడుగులా ఇంకో కప్పు, రెండు కప్పుల మధ్య గాలి ఆడే ఖాళీ, ముందు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల మూడు భారీ స్తంభాలు. హిమాలయాల వైపు గవర్నర్ భవనం రావాల్సింది, కట్టలేదు. ఆ వెలితి కూడా గమనించండి.

దగ్గరికెళ్లి గోడను చూడండి. ప్లాస్టరింగ్ లేదు, సెంట్రింగ్ చెక్కల గీతలు కాంక్రీటులో అలాగే అచ్చుపడ్డాయి. అది నాసిరకం పని అనుకుని పెదవి విరిచేవాళ్లున్నారు. కావాలని ఉంచిన చర్మం అది. కిటికీల ముందున్న లోతైన గళ్లు అలంకారం కాదు, నిటారు ఎండను ఆపి వాలు వెలుతురును రానిచ్చే సజ్జలు. ఆ లెక్క అర్థం కావాలంటే మైదానంలోనే ఉన్న టవర్ ఆఫ్ షాడోస్ (నీడల గోపురం) లోపల నిలబడాలి. మిగతా కట్టడాల వరుస నుంచి పక్కకు తిప్పి దాన్ని సరిగ్గా ఉత్తర దక్షిణాలకు అమర్చారు. మూడు వైపులా సజ్జలుంటాయి, ఎండ రాని ఉత్తరం వైపు మాత్రం ఏమీ పెట్టలేదు.

ఓపెన్ హ్యాండ్ ఎత్తు 26 మీటర్లు, బరువు దాదాపు 50 టన్నులు, గాలికి తిరుగుతుంది. కార్బూజియే 1965లో పోతే ఇది నిలబడింది 1985లో. పంజాబ్‌లోని నంగల్ వర్క్‌షాపులో రేకులు తయారుచేశారు. ఫొటో తీసుకుని వెనుదిరగకండి, కింద గొయ్యిలా తవ్విన సభాస్థలంలోకి దిగి మెట్ల మీద కూర్చోండి. అక్కణ్నుంచి పైకి చూస్తేనే చెయ్యి కొలత తెలుస్తుంది.

ఊరు తిప్పే టూరిస్టు బస్సు ఈ పనికి పనికిరాదు. కిటికీలోంచి గోడలే కనిపిస్తాయి.

మధ్యాహ్నం ఓపికుంటే సెక్టర్ 5లో జానెరె నివసించిన 57వ నంబరు ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. ఇటుకతో, తక్కువ ఖర్చులో కట్టిన ఇల్లు, కాంక్రీటు గాంభీర్యం తర్వాత కళ్లకు హాయి. చివరికి సుఖ్నా. 1958లో వాగుకు కట్ట వేసి చేసిన సరస్సు. పడవల దగ్గర ఆగిపోకుండా కట్ట మీద చివరిదాకా నడవండి. జానెరె అస్థికలు, ఆయన కోరిక ప్రకారం, ఈ నీళ్లలోనే కలిపారు.