బాల్కనీ మిరప ముడత ఎట్లా పోయిందంటే

అనంతపురంలో మా ఇల్లు రెండో అంతస్తు. బాల్కనీలో ఆరు మిరప కుండీలు పెట్టినాను. ఫిబ్రవరి మొదట్లో చిగుళ్లన్నీ ముడుచుకుపోయి, పూత రాలడం మొదలైంది. రోజూ పొద్దున్నే వాటిని చూస్తే కడుపు తరుక్కుపోయేది.

ఆకు రసం పీల్చే సన్న తామర పురుగేమో అనుకుని లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నురుగు కలిపి రెండు వారాల్లో మూడుసార్లు కొట్టినాను. ఫలితం కనిపించలేదు. ఒకరోజు మా అవ్వ ఆకు తెంపి చూపించి, "ఇది పైకి ముడిచిందా, కిందికా చూడు నాయనా" అంది. అంచులు కిందికి వంగి, ఆకు బోర్లించిన పడవలా ఉంది. కాడ సాగింది. తామర పురుగుకైతే ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటుంది. కిందికి వంగితే అది తెల్లనల్లి, రసం పీల్చే మరో చిన్న పురుగు. కంటికి ఆనదు, చిగురు ఆకుల అడుగున ఉంటుంది.

నల్లికి మందు గంధకం. నీళ్లలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు. అయితే నూనె కొట్టిన వెంటనే గంధకం కొడితే ఆకు మాడిపోతుంది, అందుకే మరో రెండు వారాలు ఓపిక పట్టినాను. ముడిచిన చిగుళ్లు తుంచి కవర్లో కట్టి పారేసినాను. తర్వాత ఎండ తగ్గిన సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా కొట్టి, వారానికి మళ్లీ కొట్టినాను.

పాత ఆకులు బాగుపడలేదు. కొత్త చిగురు మాత్రం చదునుగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఇప్పుడు పడమటి ఎండకు పచ్చ నెట్ కట్టినాను, పూత నిలుస్తోంది.