సుకిందా పాత బోరు రికార్డులు చదివే పద్ధతి

ఒడిశాలోని సుకిందా లోయలో క్రోమైట్ (క్రోమియం ఖనిజం) ఆచూకీ 1949లో తెలిసింది. ఆ ప్రాంతపు పాత బోరు రికార్డులు (ఖనిజం కోసం వేసిన బోర్లలో ఏ లోతున ఏముందో రాసిన పట్టికలు) చేతికొస్తే, నేనైతే క్రోమియం అంకెల జోలికి వెంటనే పోను. పైమట్టి వరుస చూస్తాను. 'పసుపు లిమోనైట్' (ఇనుము ఎక్కువున్న పసుపుమట్టి) అని రాసి వదిలేశారా? అసలు ఆసక్తి అక్కడే! అల్ట్రామాఫిక్ శిల (మెగ్నీషియం, ఇనుము ఎక్కువున్న రాయి) శిథిలమయ్యేకొద్దీ అందులోని ఆలివిన్ అనే ఖనిజంలో ఉన్న నికెల్ ఆ మట్టిలో పోగవుతుంది. నికెల్ గడి ఖాళీగా ఉంటే లేదని కాదు, పరీక్షించి ఉండకపోవచ్చు. ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టండి.

తర్వాత నమూనాల పెట్టె తెరిపించండి. నల్లరాయిని మెరుపుపూత లేని పింగాణీ పలకపై గీయండి. గోధుమరంగు గీత పడితే క్రోమైట్ కావచ్చు. నల్లగీత పడి, అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. నికెల్‌ను కంటితో తేల్చేస్తామనేవారికి దండం పెట్టి, పసుపుమట్టిని లోతుల వారీగా విడివిడిగా ప్రయోగశాలకు పంపండి.